చీరను తాకలేని మనిషికి మీ వెబ్‌సైటు ఏం చూపించాలి?

ప్రశ్న: బరంపురంలో మాది పట్టు చీరల కుటుంబం. ఇంట్లోనే మగ్గాలు, ముందు గదిలో కొట్టు. ఏడాది కిందట 38 వేలు పెట్టి వెబ్‌సైటు చేయించాం. తెరవగానే అమ్మవారి పటం వస్తుంది, నాదస్వరం మోగుతుంది, ఆ తర్వాత ఐదు ఫొటోలు ఒకటి పోయి ఒకటి తిరుగుతూ ఉంటాయి. ధరలు పెట్టొద్దని మామగారు అన్నారు, అందుకని ప్రతి చీర కింద ‘ధరకు ఫోన్ చేయండి’ అని ఉంది. డబ్బు కట్టడానికి చివర క్యూఆర్ కోడ్ పెట్టాం. నెలకు 700 మంది చూస్తున్నారని సైటు చేసిన అబ్బాయి చెబుతాడు. ఫోన్లు మాత్రం మూడో నాలుగో వస్తాయి. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కొట్టుకు వచ్చేవాళ్లు ‘మీ సైటులో తెలుగు అక్షరాలు పిచ్చిపిచ్చిగా కనిపిస్తున్నాయి’ అంటున్నారు. ఇక్కడి ఒడియా వాళ్లు ఒడియాలో లేదేమని అడుగుతున్నారు. ఏం మార్చాలి? మళ్లీ మొదటినుంచి కొత్తది చేయించుకోవాలా?
(ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా)

సమాధానం:

అమ్మా, మీ కొట్టులో చీర ఎలా అమ్ముడవుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వచ్చినామె చాప మీద కూర్చుంటుంది. మీరు మడత విప్పుతారు. ఆమె కొంగు పట్టుకుని నలిపి చూస్తుంది, చీర తిప్పి వెనక పోగులు చూస్తుంది, గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో రంగు చూస్తుంది. తర్వాత ధర అడుగుతుంది. రంగు పోతుందా, జరీ నల్లబడుతుందా, రవిక గుడ్డ కలిసే ఉందా అంటుంది. ఇవన్నీ అయ్యాకే డబ్బు తీస్తుంది. ఫోన్‌లో మీ చీర చూసే మనిషికి చెయ్యి లేదు, ఎండ లేదు, అడగడానికి ఎదురుగా మీరు లేరు. మీ సైటు ఆమెకు నాదస్వరం వినిపిస్తోంది గానీ వీటిలో ఒక్కదానికి కూడా జవాబు ఇవ్వడం లేదు. లోపం ఇక్కడుంది. చీరల్లో లేదు.

ముందు ఆ 700 లెక్క సంగతి. అందులో మనుషులెందరో, సైట్లను వాటంతటవే తెరిచి చూసే యంత్రాలెన్నో తెలియకుండా దిగులు పడొద్దు. వచ్చినవాళ్లను లెక్కగట్టే గూగుల్ అనలిటిక్స్ సైటుకు ఉందేమో ఆ అబ్బాయిని అడగండి, లేకపోతే పెట్టించండి, డబ్బు అక్కర్లేదు. అందులో ‘ఎంగేజ్డ్ సెషన్స్’ అనే అంకె ఉంటుంది. కనీసం 10 సెకన్లు ఉన్నవాళ్లు, లేదా రెండో పేజీ తెరిచినవాళ్లు, లేదా మీరు ముఖ్యమని గుర్తు పెట్టిన పని చేసినవాళ్లు ఆ లెక్కలోకి వస్తారు. మీకు కావలసింది అదే. దానితో పాటు గూగుల్ సెర్చ్ కన్సోల్ కూడా తెరిపించండి, అదీ ఉచితమే. ఏ మాటలు వెతికితే మీ సైటు కనబడిందో ఆ మాటలతో సహా చూపిస్తుంది.

అక్కడ మీ ఊరికే ఉన్న ఒక చిక్కు బయటపడవచ్చు. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు ఇంగ్లీషులో రాస్తే ఇంచుమించు మీ ఊరి పేరులాగే ఉంటుంది. ముర్షిదాబాద్ కూడా పట్టుకు పేరున్న చోటే. ఆ పట్టు కోసం వెతికేవాళ్లు మీ సైటుకు వచ్చి, ఇది తాము అనుకున్నది కాదని వెళ్లిపోతూ ఉండవచ్చు. అందుకని ప్రతి పేజీ శీర్షికలో ఊరి పేరు ఒక్కటే రాయకుండా ‘గంజాం జిల్లా, ఒడిశా’ కూడా చేర్చండి. మీ ఊరిని జనం బరంపురం అంటారు, బెర్హంపూర్ అంటారు, ప్రభుత్వ కాగితాల్లో బ్రహ్మపూర్. ఈ మూడూ మీ పరిచయ పేజీలో వాక్యాల్లో సహజంగా కలిసిపోయేలా ఒక్కోసారి రావాలి. వరసగా పేర్లు గుప్పించి రాస్తే గూగుల్ మెచ్చదు, చదివేవాళ్లూ మెచ్చరు.

ఇక మొదటి తెర. అమ్మవారి పటం తీసేయమని చెప్పడం లేదు. కొట్టులో ఆ పటం ఎక్కడుంటుంది? లోపల గోడకు, పైన. గుమ్మానికి అడ్డంగా పెట్టం కదా. సైటులోనూ అంతే, పైన కొట్టు పేరు పక్కన చిన్నగా ఉంచండి. నాదస్వరం మాత్రం తీసేయండి. మనిషి ఏదీ నొక్కకముందే శబ్దం రావడాన్ని క్రోమ్ 2018 నుంచి చాలావరకు అడ్డుకుంటోంది, కాబట్టి ఎక్కువమందికి అది వినబడదు. వినబడినవాళ్లు బస్సులోనో, పడుకున్న పిల్లాడి పక్కనో ఉంటే గాభరాపడి సైటు మూసేస్తారు. తిరిగే ఐదు ఫొటోలు కూడా వద్దు. రెండోది వచ్చేలోపే చూసేవాళ్ల వేలు కిందికి జరిపేస్తుంది, ఐదోది ఎవరికీ కనిపించదు. వాటి బదులు ఒక్క మంచి ఫొటో, దాని కింద ‘బరంపురం పట్టు చీరలు, మా ఇంటి మగ్గాల మీద నేసినవి’ అనే ఒక వాక్యం, ధర ఎంత నుంచి మొదలో ఒక అంకె, రెండు బొత్తాలు: ‘చీరలు చూడండి’, ‘వాట్సాప్‌లో అడగండి’. తెర మీద ఇంతకంటే ఏదీ ఉండకూడదు. ‘మా వెబ్‌సైటుకు స్వాగతం’ అనే వాక్యం ఉంటే తీసేయండి, అది చూసి చీర కొన్నవాళ్లు లేరు.

ఫొటోల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మీ అమ్మకం సగం వీటి మీదే ఆధారపడి ఉంది.

ఒక్కో చీరకు ఆరు ఫొటోలు కావాలి. మొత్తం పరిచి లేదా కట్టి తీసినది ఒకటి. కొంగు పూర్తిగా కనిపించేది ఒకటి. అంచు దగ్గరగా, పక్కన చిన్న స్కేలు పెట్టి తీసినది ఒకటి; కుంభ వరస (అంచు మీది గుడి గోపురం ఆకారాల వరస) ఎంత ఎత్తుందో అప్పుడే తెలుస్తుంది. ఒంటి భాగం దగ్గరగా ఒకటి. చీర తిరగవైపు ఒకటి. రవిక గుడ్డ ఒకటి. తిరగవైపు ఫొటో చాలామంది పెట్టరు. కానీ నేత తెలిసిన కొనుగోలుదారు మొదట వెతికేది దానికోసమే. అచ్చు వేసిన డిజైను వెనక వెలవెలబోతుంది, నేసిన డిజైనుకు వెనక పోగులు కనిపిస్తాయి. మీది మగ్గం మీద నేసిన చీర అని వంద మాటలు రాసేకంటే ఆ ఒక్క ఫొటో చాలు.

వెలుతురు విషయంలో జరిగే పెద్ద పొరపాటు రెండు రకాల వెలుగులు కలపడం. కిటికీ వెలుతురు నీలి ఛాయలో ఉంటుంది, గదిలో బల్బు పసుపు ఛాయలో ఉంటుంది. రెండూ ఒకేసారి చీర మీద పడితే ఫోన్ కెమెరాకు ఏది తెలుపో అర్థం కాదు. మెరూన్ చీర ఒక పక్క గోధుమ రంగులో, ఇంకో పక్క ఊదా రంగులో వస్తుంది. ఫొటో తీసేటప్పుడు గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. నేరుగా ఎండ పడని కిటికీ, ఉత్తరం వైపుది ఉంటే మరీ మంచిది, దాని పక్కన ఉదయం 9 నుంచి 11 మధ్య తీయండి. కిటికీకి ఎదురు వైపు ఒక తెల్ల దుప్పటి వేలాడదీస్తే నీడ వైపు కూడా వెలుగు తిరిగి పడుతుంది. ఫ్లాష్ వద్దే వద్దు, జరీ మీద పడి తెల్ల మచ్చ అవుతుంది. లెన్సు మీద వేలి జిడ్డు మెత్తటి గుడ్డతో తుడవండి. చీరకు మరీ దగ్గరగా వెళ్లి తీస్తే అంచు వంగినట్టు వస్తుంది, రెండడుగులు వెనక్కి జరిగి 2 రెట్లు జూమ్ పెట్టి తీయండి. ఒక చీర పక్కన తెల్ల కాగితం పెట్టి మొదటి ఫొటో తీసి, ఆ కాగితం తెల్లగా కనిపించేలా రంగు సరిచేసి, అదే సవరింపు మిగిలిన ఫొటోలన్నిటికీ వాడండి.

పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డపోగు) ఇంకో రంగు ఉన్న చీరలకు ఫొటో చాలదు. కదిలితేనే ఆ రెండు రంగులూ మారి మారి కనిపిస్తాయి. వాటికి 10 సెకన్ల వీడియో తీయండి, చేత్తో కొంగు మెల్లగా ఊపుతూ.

తీసిన ఫొటోను అలాగే సైటులో ఎక్కించడం రెండో పెద్ద తప్పు. ఫోన్ ఫొటో ఒక్కోటి 4 ఎంబీ దాకా ఉంటుంది. మీ తిరిగే ఫొటోలు ఐదూ కలిపితే 20 ఎంబీ. సిగ్నల్ సరిగా లేని చోట, మోహన వైపో ఉదయగిరి వైపో కొండల్లో, సెకనుకు 4 మెగాబిట్ల వేగం దొరికిందనుకోండి, ఆ ఐదూ రావడానికి 40 సెకన్లు పడుతుంది. ఎవరు ఆగుతారు? అదే ఫొటోను 1,200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలోకి మార్చి 150 కేబీకి తెస్తే అర సెకను కూడా పట్టదు. స్క్వూష్ అనే ఉచిత పనిముట్టు బ్రౌజర్‌లోనే ఈ పని చేసిపెడుతుంది, నాణ్యత 75 నుంచి 80 మధ్య ఉంచండి.

ఇక్కడ పట్టు చీరలవాళ్లు తెలుసుకోవలసిన సంగతులు రెండున్నాయి. వెబ్‌పీ సైజు తగ్గించేటప్పుడు రంగు వివరాన్ని నిలువుగానూ అడ్డంగానూ సగానికి కుదిస్తుంది. మామూలు ఫొటోల్లో తేడా తెలియదు గానీ, ఎర్ర పట్టు మీద సన్నటి జరీ గీత కాస్త అలుక్కుపోతుంది. అందుకని ఎర్ర, మెరూన్ చీరల అంచు ఫొటోలు మాత్రం జేపెగ్‌లోనే ఉంచి, రంగు కుదింపు లేని అమరిక ఎంచుకోండి. స్క్వూష్‌లోని జేపెగ్ అమరికల్లో ‘సబ్‌శాంపుల్ క్రోమా’ అనే చోట అది దొరుకుతుంది. రెండోది ఐఫోన్‌తో తీసేవాళ్లకు. ఆ ఫోన్లు మామూలు తెరల కంటే విశాలమైన రంగుల పరిధిలో ఫొటో దాచుకుంటాయి. సైజు తగ్గించేటప్పుడు ఆ సమాచారం రాలిపోతే ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ముందే మామూలు తెరల రంగుల పరిధి అయిన ‘ఎస్ఆర్‌జీబీ’లోకి మార్చి ఆ తర్వాత తగ్గించండి. ‘ఫొటోలో ఒక రంగు, ఇంటికి వచ్చింది ఇంకో రంగు’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే.

వేగం కొలవడానికి గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైటు చిరునామా ఇచ్చి చూడండి, మొబైల్ ఫలితాలే చూడండి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. ఫొటోలు వస్తూ ఉంటే కింది రాతలు జారిపోకూడదు, దాని అంకె 0.1 లోపు ఉండాలి. ఈ మూడోది చాలా సైట్లలో తప్పుతుంది. ఫొటో ఎంత వెడల్పో ఎంత ఎత్తో కోడ్‌లో రాయకపోవడమే కారణం. రాయించండి, ఐదు నిమిషాల పని. కింద ఉన్న ఫొటోలు చూసేవాళ్లు అక్కడికి చేరాకే తెరుచుకునేలా పెట్టించండి, మొదటి తెర ఫొటోకు మాత్రం ఆ అమరిక వద్దు, పెడితే అదే ఆలస్యమవుతుంది.

ధర మాట. మామగారి భయం ఊహించగలం. పక్క వీధివాళ్లు చూసి వంద తగ్గించి పెడతారు, లేదా బేరమాడే వీలు పోతుంది. కానీ పక్క వీధి వ్యాపారికి మీ ధర ఎలాగూ తెలుసు. తెలియనిది రాత్రి 11 గంటలకు, పిల్లలు పడుకున్నాక, సూరత్‌లోనో విశాఖలోనో ఫోన్ పట్టుకుని చూస్తున్న మనిషికే. గంజాం నుంచి సూరత్ మిల్లులకు వెళ్లినవాళ్లు ఎందరో మీకు తెలుసు. ఇంట్లో చెల్లెలి పెళ్లికి చీర పంపాలనుకున్నవాడు ఆ వేళప్పుడు మీకు ఫోన్ చేయడు. ధర లేని చీర చూస్తే ‘చాలా ఎక్కువ ఉంటుందేమో, మనిషిని బట్టి చెబుతారేమో’ అనుకుని పక్క సైటుకు పోతాడు. సిద్ధంగా ఉన్న ప్రతి చీరకు ఖచ్చితమైన ధర పెట్టండి, పన్నుతో కలిపి. చెప్పి నేయించుకునేవాటికి ‘ఇంత నుంచి ఇంత వరకు, ఇన్ని రోజులు’ అని రాయండి. మామగారు ఒప్పుకోకపోతే పోట్లాడకండి. 20 చీరలకు మాత్రం ధర పెట్టి, మిగిలినవాటికి పెట్టకుండా రెండు నెలలు చూడండి. దేని మీద వాట్సాప్ సందేశాలు ఎక్కువ వచ్చాయో లెక్క ఆయన ముందు పెట్టండి.

ధరతో పాటు ప్రతి చీర కింద ఈ వివరాలుండాలి: చీర పొడవు, రవిక గుడ్డ పొడవు విడివిడిగా, మీటర్లలో (5.5 మీటర్ల చీర, 80 సెంటీమీటర్ల రవిక గుడ్డ అన్నట్టు, మీ చీర కొలిచి). బరువు గ్రాముల్లో. పడుగు, పేక రెండూ పట్టేనా. జరీ ఏ రకం. అసలు జరీ కాకపోతే కాదనే రాయండి. ఉతకడం ఎలా. అసలు పట్టని తెలిపే సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే దాని ఫొటో. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, ఆ సంగతి రాసుకోవచ్చు. కానీ ఆ గుర్తింపు ముద్రను వాడుకోవాలంటే అధీకృత వాడుకదారుగా నమోదై ఉండాలి. మీ కుటుంబం నమోదు కాకుండా ఆ ముద్ర సైటులో పెట్టొద్దు.

ప్రతి చీరకు ఒక నంబరు ఇవ్వండి. అదే నంబరు చీటీ బీరువాలో ఆ చీరకు కట్టండి. ‘వాట్సాప్‌లో అడగండి’ అని నొక్కితే ‘214 నంబరు చీర గురించి’ అని సందేశం దానంతటదే రాసి ఉండేలా లింకు చేయించవచ్చు. అడిగేవాళ్లకు టైపు చేసే శ్రమ ఉండదు, మీకు ఏ చీరో వెతుక్కునే శ్రమ ఉండదు. ఈ లింకులో మీ ఫోన్ నంబరు ముందు 91 ఉండాలి, సున్నా గానీ ప్లస్ గుర్తు గానీ ఉండకూడదు. సున్నా పెట్టేసి, లింకు పని చేయక, సందేశాలు రావడం లేదని వాపోయే కొట్లు ఉన్నాయి. మీ ఫోన్ నుంచి కాకుండా వేరేవాళ్ల ఫోన్ నుంచి నొక్కి చూడండి.

చీర అమ్ముడయ్యాక ఆ పేజీ తీసేయొద్దు. చేనేతలో ఒక చీరలా ఇంకోటి ఉండదు, అందుకే అమ్ముడైనవి కూడా మీ పనితనానికి సాక్ష్యమే. గంటలోపు ‘అమ్ముడైంది’ అని గుర్తు పెట్టి, కింద ‘ఇలాంటిది నేయించుకోవచ్చు’ అనే బొత్తం ఉంచండి. పేజీ తీసేస్తే గూగుల్‌లో కనబడి వచ్చినవాళ్లకు ఖాళీ పేజీ ఎదురవుతుంది.

ఇప్పుడు భాష. అక్షరాలు పిచ్చిపిచ్చిగా కనబడటానికి కారణం దాదాపు ఖాయంగా ఇదే: ఎవరో మీ పెళ్లి కార్డులో, బిల్లు పుస్తకంలో వాడిన తెలుగును డీటీపీ కంప్యూటర్ నుంచి తీసి సైటులో అతికించారు. అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు నిజానికి తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు బొమ్మ తొడిగినది. ఆ ఫాంటు లేని ఫోన్‌లో బొమ్మ ఊడిపోయి అడుగున ఉన్నది బయటపడుతుంది. ఒడియాలో అకృతి ఫాంట్లతోనూ ఇదే జరుగుతుంది, కాబట్టి ఒడియా పేజీలు ప్రెస్సు వాళ్లతో రాయించేటప్పుడు ముందే యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా సరిగా కనిపించే అక్షరాల పద్ధతిలో) కావాలని చెప్పండి. తెలుగు మొత్తం మళ్లీ యూనికోడ్‌లో కొట్టించాలి. ఫోన్ కీబోర్డుతో మీరే కొట్టినా సరిపోతుంది. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు పెట్టించండి, ఉచితం. అక్షరం 17, 18 పిక్సెళ్లకు తగ్గకూడదు. ఇంగ్లీషుకు పెట్టిన వరసల ఎడం తెలుగుకు చాలదు. ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి, ఒక వరస ఒత్తు ఇంకో వరస గుడికి తగులుతుంది. ఎడం అక్షరం సైజుకు 1.7 రెట్లు ఉంచండి. ఫొటో మీద రాతలు చెక్కి పెట్టడం మానండి, చిన్న తెర మీద అవి చదవలేరు, గూగుల్‌కు అవి సరైన రాతగా అందవు.

యంత్రం చేత అనువాదం చేయించి అలాగే వదిలేయకండి. మన మాటల్లో ‘పట్టు’ అంటే పట్టుకోవడం కూడా, ‘పేక’ అంటే ఆడుకునే ముక్కలు కూడా. యంత్రం ఏది ఎంచుకుంటుందో చెప్పలేం. ఒడియా పేజీ మీ ఊళ్లోనే పుట్టి పెరిగిన ఒడియా ఆడవాళ్లలో ఒకరికి చదివి వినిపించండి, కొట్టులో వాళ్లు ఏ మాట వాడతారో అదే రాయండి.

మూడు భాషలూ ఒకే పేజీలో కలగలపకండి. తెలుగుకు, ఒడియాకు, ఇంగ్లీషుకు వేర్వేరు చిరునామాలు ఉండాలి. మూడూ ఒకే సంగతి చెప్పే పేజీలని గూగుల్‌కు తెలిపే హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తులు పెట్టమని ఆ అబ్బాయికి చెప్పండి. భాష మార్చే బొత్తం పైన, ఎప్పుడూ కనిపించే చోట, ఏ భాష పేరు ఆ లిపిలోనే ఉండాలి. మనిషి ఉన్న చోటును బట్టి సైటు తనంతట తానే భాష మార్చే ఏర్పాటు మాత్రం వద్దు. బరంపురంలో కూర్చున్నది తెలుగింటి ఆడపడుచు కావచ్చు, విశాఖలో కూర్చున్నది ఒడియా కుటుంబం కావచ్చు. సరిహద్దు ఊళ్లలో చోటును బట్టి భాష చెప్పలేం.

ఇంకో మాట, మీకు తెలిసిందే. మీ ప్రాంతంలో ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతూ, బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుకుని, తెలుగు అక్షరం రానివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు రాసిన తెలుగు అందదు, విన్న తెలుగు అందుతుంది. ఐదారు ముఖ్యమైన చీరలకు 20 సెకన్ల వీడియో చేయండి. మామగారే చీర చేతిలో పట్టుకుని, ఈ అంచు ఏమిటి, నేయడానికి ఎన్నాళ్లు పట్టింది అని మీ ఇంటి తెలుగులో చెబితే చాలు, అడుగున ఒడియా అక్షరాలు వేయండి. మీరు నేతగాళ్లని నమ్మించడానికి దీన్ని మించింది లేదు. వీడియో ఎవరైనా నొక్కితేనే మొదలవ్వాలి.

డబ్బు కట్టే చోట ఉన్న క్యూఆర్ కోడ్ గురించి కూడా చెప్పాలి. సైటు చూసేది ఏ ఫోన్‌లోనో ఆ ఫోన్ తన తెరను తాను స్కాన్ చేసుకోలేదు. స్క్రీన్‌షాట్ తీసి చెల్లింపు యాప్‌లో ఎక్కించే ఓపిక ఉన్నవాళ్లు కొందరే. కంప్యూటర్‌లో చూసేవాళ్లకు ఆ కోడ్ ఉంచండి, ఫోన్‌లో మాత్రం నొక్కగానే యూపీఐ యాప్ తెరుచుకునే చెల్లింపు బొత్తం పెట్టించండి. డబ్బు చేరేది ఇంట్లో ఒకరి పేరు మీది ఖాతాకు కాకుండా కొట్టు పేరు మీది ఖాతాకైతే కట్టేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. పార్సిల్ ఖర్చు చివరి మెట్టులో కలపొద్దు. మొదట్లోనే చెప్పండి, లేదా ధరలో కలిపేయండి. ఇన్ని వేల చీరకు పూర్తిగా పార్సిల్ అందాక డబ్బు అనే పద్ధతి మీకు ప్రమాదం, వెనక్కి తిప్పి పంపితే రెండువైపుల ఖర్చూ మీదే. కొంత బయానా తీసుకుని పంపండి.

వాపసు నియమం నాలుగు వాక్యాల్లో రాయండి: ఎన్ని రోజుల్లో, ఏ స్థితిలో (ఫాల్ కుట్టకుండా, కట్టకుండా), తిరుగు పార్సిల్ ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్నాళ్లలో. సైటులో అమ్మేవాళ్లకు వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 వర్తిస్తాయి. వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫోన్, ఫిర్యాదులు చూసే మనిషి పేరు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫిర్యాదులు చూసే మనిషి మీరే కావచ్చు. ‘ఇంకా 2 చీరలే మిగిలాయి, 10 నిమిషాల్లో ముగుస్తుంది’ అని గడియారం పెడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అబద్ధపు తొందర పెట్టడాన్ని 2023 నాటి కేంద్ర మార్గదర్శకాలు తప్పుడు పద్ధతుల్లో చేర్చాయి. ఎలాగూ ఒకే చీర ఉన్నప్పుడు ‘ఇది ఒక్కటే’ అని నిజం రాస్తే సరిపోతుంది.

గూగుల్ మ్యాప్స్‌లో మీ కొట్టు ఉందా? ఉంటే అందులో పేరు, చిరునామా, ఫోన్ నంబరు సైటులో ఉన్నవాటితో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. ఠాకురాణి యాత్ర రోజుల్లో కొట్టు మూస్తే, వేళలు మారితే, అందులో ముందే మార్చండి. ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వచ్చి మూసిన తలుపు చూసినవాళ్లు మళ్లీ రారు.

మార్పులన్నీ ఒకేసారి చేయకండి, ఏది పని చేసిందో తెలియదు. మొదట అక్షరాలు, ఫొటోల బరువు, క్యూఆర్. ఇవి విరిగిపోయినవి, వెంటనే బాగుచేయాలి. తర్వాత ధరలు. తర్వాత కొత్త ఫొటోలు, వారానికి పది చీరల చొప్పున. శ్రావణ మాసం గిరాకీకి కనీసం ఆరు వారాల ముందు పేజీలు సిద్ధమైతే గూగుల్ వాటిని చూసి చేర్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. మధ్యలో ఒకసారి, మీ సైటు ఎప్పుడూ చూడని ఐదుగురిని పిలిచి వాళ్ల ఫోన్లలోనే ‘పది వేలలోపు ఎర్ర చీర ఒకటి వెతికి నన్ను వాట్సాప్‌లో అడుగు’ అనండి. పక్కన కూర్చుని చూడండి, నోరు విప్పకండి. ఎక్కడ వేలు ఆగిపోతుందో అక్కడ మరమ్మతు కావాలి. ఐదుగురిలో ఇద్దరు అత్తగార్ల వయసువాళ్లు ఉండాలి, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు.

కొత్తది చేయించాలా అని అడిగారు. అక్కర్లేదు, ఒక్కటి తేలాక. సైటు పేరు ఎవరి పేరు మీద నమోదైంది? చాలాచోట్ల సైటు చేసినవాళ్లు తమ ఖాతాలోనే కొనేస్తారు. రేపు వాళ్లు ఫోన్ ఎత్తకపోయినా, ఏడాది గడువు దాటి కట్టడం మరిచినా ఆ పేరు మీది కాకుండా పోతుంది. పేరు నమోదు ఖాతా, సైటు నిలిపిన సర్వర్ ఖాతా, అనలిటిక్స్ ఖాతా, ఈ మూడూ మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరు మీదికి మార్పించుకోండి, సైటు మొత్తం నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఆ అబ్బాయి సరేనంటే ఇప్పుడున్న సైటునే బాగుచేయించండి, పైన చెప్పిన పనులన్నీ దాని మీదే అవుతాయి. పేరు మీకివ్వడం కుదరదంటే మాత్రం ఆ సైటు మీద ఇంకో రూపాయి పెట్టకండి. మీ పేరు మీద కొత్త చిరునామా కొని, ఒక్క పేజీతో, ఇరవై చీరలతో మొదలుపెట్టండి.